తుపాను పోయి నాలుగు నెలలైనా ఆ తీరం దారి ఎందుకు తెరవలేదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ అమ్మాయి ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో ఉంటుంది. మే నెలలో మీరూ మీ ఆవిడా హైదరాబాద్ నుంచి వెళ్తున్నారు. అక్కడ సముద్రం పక్కన కొండ అంచు మీదుగా వెళ్లే నడక దారిలో ఒక రోజంతా నడవాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నారు. చలికాలం తుపాన్లకు చరియలు జారి అందులో ఒక ముక్క మూసేశారని, చుట్టూ తిరిగి పొమ్మంటున్నారని అమ్మాయి చెప్పింది. "జనవరిలో తుపాను వస్తే మే దాకా తెరవకపోవడం ఏంటి, అక్కడా మన దగ్గర లాగేనా? కంచె దాటి జనం వెళ్తూనే ఉన్నారట, మేమూ వెళ్లొచ్చా?"

రెండోదానికి ముందు చెప్తాను: వెళ్లకండి. మొదటిదానికి జవాబు కాస్త పెద్దది. అది తెలిస్తే రెండోదానికి నేనెందుకు ఇంత కచ్చితంగా చెప్తున్నానో మీకే అర్థమవుతుంది.

నేను నీటిపారుదల శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన సివిల్ ఇంజనీరుని. సర్వీసులో ఎక్కువ భాగం మట్టి పరీక్షలు, చెరువు కట్టలు, కాలువ గట్లతోనే గడిచింది. మా అబ్బాయి బ్రిస్టల్‌లో ఉన్న రోజుల్లో రెండు వేసవులు వాడి దగ్గర ఉండి, మీరు చెప్పే దారిలో చాలా ముక్కలు నడిచాను. మల్కాజిగిరిలో కూర్చుని ఇంగ్లండ్ కొండల గురించి చెప్తున్నాడేంటి అనుకోకండి. తడిసిన మట్టి చేసే పని ఇక్కడా అక్కడా ఒకటే.

మీ ఊళ్లో పాత మట్టి గోడల ఇల్లు ఉండి ఉంటే ఈ విషయం మీకు సగం తెలిసినట్టే. ముసురు పట్టిన వారం రోజులూ గోడ నిలబడే ఉంటుంది. వాన వెలిసి, ఎండ కాసి, హమ్మయ్య అనుకుని లోపల మంచాలు వేసుకున్న రాత్రి కూలుతుంది. మర్నాడు పేపర్లో "నాని కూలిన గోడ" అని రెండు లైన్లు వస్తాయి. ఎండ వచ్చాక ఎందుకు కూలింది అని ఎవరూ అడగరు. అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

మట్టికి బలం ఎక్కడి నుంచి వస్తుంది? రేణువులు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కి పట్టుకోవడం నుంచి. సందుల్లోకి నీళ్లు చేరి లోపలి నుంచి తోస్తూ ఉంటే ఆ పట్టు సడలుతుంది. పైగా తడిసిన మట్టి బరువు పెరుగుతుంది. అంటే మోయాల్సిన బరువు పెరిగింది, మోసే బలం తగ్గింది. ఇది వాన పడిన గంటలో జరిగేది కాదు. నీళ్లు పైనుంచి కిందికి, జిగట మట్టిలోనైతే ఏ వారాలకో నెలలకో చేరతాయి. పైన గడ్డి పొడిగా కనిపిస్తుంటుంది. లోపల పది మీటర్ల కింద నీటి మట్టం ఇంకా పెరుగుతూనే ఉంటుంది.

తుపాను వచ్చిన రాత్రి సముద్రం చేసే పని వేరు. అది కొండ పాదాన్ని కోస్తుంది. అలలు అడుగు మట్టిని తినేస్తే పైనున్నదానికి ఆసరా పోతుంది. పైనుంచి నాని, కింద కోసుకుపోయిన కొండ కూలడానికి ముహూర్తం చూసుకోదు. జనవరిలో తుపాను, మార్చిలో చరియ. ఇది అక్కడ మామూలే.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ మీ అమ్మాయి ఊరికి దగ్గర్లోనే ఉంది. ఎక్సెటర్ నుంచి పశ్చిమానికి వెళ్లే రైలు డాలిష్ అనే ఊళ్లో అచ్చంగా సముద్రం ఒడ్డునే పోతుంది. 2014 ఫిబ్రవరి 4 రాత్రి తెల్లవారితే 5 అనగా తుపాను అక్కడి గోడని సుమారు 80 మీటర్ల మేర పడగొట్టింది. పట్టాలు గాల్లో ఊయలలా వేలాడాయి. ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. అందరూ గోడ మీద పడి పనిచేస్తుండగా, సరిగ్గా నెల తర్వాత, మార్చి 4న, పక్క ఊరు టిన్‌మత్ దగ్గర (రాతలో టైన్‌మౌత్‌లా కనిపిస్తుంది, పలకడం మాత్రం టిన్‌మత్) సుమారు 20 వేల టన్నుల కొండ కదిలింది. ఆ రోజు తుపాను లేదు. ఇంజనీర్లు ఏం చేశారో తెలుసా? దాన్ని ఆపే ప్రయత్నం చేయలేదు. గొట్టాలతో నీళ్లు కొట్టి, వదులైనదాన్నంతా తామే కిందికి దించేశారు. ఎలాగూ పడేదాన్ని మనుషులు లేనప్పుడు మనమే పడేయడం మేలు. నా సర్వీసులో అంత ధైర్యంగా ఆలోచించిన పై అధికారి నాకు దొరకలేదు, అది వేరే విషయం.

ఆ రైలు మార్గం ఏప్రిల్ 4న తిరిగి తెరిచారు. రెండు నెలలు, సుమారు మూడున్నర కోట్ల పౌండ్లు. "రైలుకి రెండు నెలలైతే కాలిబాటకి నాలుగెందుకు?" అని మీరు అడగొచ్చు. ప్లిమత్‌కీ కార్న్‌వాల్‌కీ వెళ్లే ప్రధాన రైలు దారి అదొక్కటే. అందుకని డబ్బు కుమ్మరించి గోడ కట్టారు. నడక దారికి ఎవరూ మూడున్నర కోట్ల పౌండ్లు పెట్టరు. పెట్టకూడదని కూడా నా అభిప్రాయం.

ఇప్పుడు మీరు వెళ్లాలనుకున్న వైపు సంగతి. ఏ ముక్క మూసేశారో మీరు రాయలేదు కానీ, ఎక్సెటర్ నుంచి ఒక రోజు నడక అంటున్నారు కాబట్టి ఎక్సెటర్ ఉన్న డెవాన్ ప్రాంతపు తూర్పు తీరం, సీటన్, లైమ్ రీజిస్ అనే ఊళ్ల వైపు అనుకుంటున్నాను. ఆ దారి పేరు సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్. మైన్‌హెడ్ నుంచి పూల్ దాకా 630 మైళ్లు, అంటే వెయ్యి కిలోమీటర్లకు పైనే. మొదట్లో దొంగ సరుకు దించేవాళ్లను పట్టుకోవడానికి తీరం కాపలావాళ్లు రోజూ తిరిగిన కాలిబాట అది. తీరంలోని ప్రతి వంపులోకీ తొంగిచూడాలి కాబట్టి కొండ అంచునే, సముద్రం కనిపించేలా వేసుకున్నారు. ఇవాళ్టి తలనొప్పికి పునాది అక్కడే పడింది. అంచున వేసిన దారి అంచుతోపాటే పోతుంది.

లైమ్ రీజిస్ దగ్గర నేల పొరలు మరీ ప్రమాదకరంగా పేర్చి ఉన్నాయి. పైన సుద్దరాయి, ఇసుకరాయి. వీటిలోంచి నీళ్లు జల్లెడలోంచి దిగినట్టు దిగిపోతాయి. కింద బంకమట్టి. నీళ్లు దాన్ని దాటి పోలేవు. దాని మీదే చేరి, దాని పైభాగాన్ని సబ్బులా నున్నగా చేస్తాయి. ఆ పొర సముద్రం వైపు కొద్దిగా వాలి ఉంటుంది. సబ్బు పూసిన పలకని కాస్త వంచి దాని మీద ఇసుక బస్తా పెట్టినట్టన్నమాట.

1839లో ఇదే జరిగింది, సీటన్‌కీ లైమ్ రీజిస్‌కీ మధ్య, బిండన్ అనే చోట. ఆ ఏడు వానలు విపరీతంగా కురిశాయి. క్రిస్మస్ ముందు రోజు రాత్రి కొండ అంచున ఉన్న పొలాల్లోంచి ఒక పెద్ద నేల ముక్క విడిపోయి సముద్రం వైపు జరిగింది. వెనక లోతైన అగాధం ఏర్పడింది. విచిత్రం ఏమిటంటే ఆ నేల ముక్క చెదిరిపోలేదు. పైన వేసిన గోధుమ పైరు అలాగే నిలబడి ఉంది! మరుసటి ఏడు ఆ గోధుమని వేలమంది చూస్తుండగా పండగలా కోశారు. దానికి గోట్ ఐలండ్ అని పేరు పెట్టుకున్నారు, మన మాటల్లో మేకల దీవి. అప్పట్లో భూగర్భ శాస్త్రవేత్తలు కోనిబేర్, బక్లాండ్ ఆ దగ్గర్లోనే ఉండడంతో చూసినదంతా కొలిచి, బొమ్మలు వేయించి రాసిపెట్టారు. ఇవాళ ఆ జారిన నేలంతా అడవి. నడక దారి అందులోంచే పోతుంది, సుమారు ఏడు మైళ్లు. ఒకసారి లోపలికి దిగితే మధ్యలో ఊళ్లోకి గానీ సముద్రంలోకి గానీ బయటపడే మార్గం లేదని మొదట్లోనే బోర్డు పెట్టి ఉంటుంది.

అదే దారిలో 2014లో లైమ్ రీజిస్ వైపు కొస మళ్లీ జారింది. సుమారు రెండేళ్లు మూసే ఉంచారు. కాబట్టి మీ నాలుగు నెలలు పెద్ద లెక్కలోకి రావు.

"రెండేళ్లా! ఓ నాలుగు లారీల మట్టి పోసి సాపు చేయడానికి?" అని మీరనకముందే మా కాలనీ సంగతి ఒకటి చెప్పాలి.

2020 అక్టోబరు 13న మన దగ్గర కురిసిన వాన గుర్తుంది కదా. ఆ వారంలో మా దగ్గరి చెరువు కట్ట మీద వాకింగ్ ట్రాక్ ఒక చోట దిగింది. ఏ చెరువో వద్దులెండి. వాకర్స్ అసోసియేషన్ వాళ్లు "సార్, మీరొకసారి చూడండి" అంటే పొద్దున్నే వెళ్లాను. టైల్స్ మధ్యలో నెర్రె, నెలవంక ఆకారంలో, ఓ నలభై అడుగుల పొడవు. రెండు వేళ్లు పట్టేంత వెడల్పు. అంచు పట్టుకుని చూస్తే చెరువు వైపు భాగం అంగుళంన్నర కిందికి ఉంది. వంగిన నెర్రె కనిపిస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఎండకి పడ్డ బీటలు అడ్డదిడ్డంగా ఉంటాయి. వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు. నెలవంకలా వంగిన నెర్రె ఉంటే కింద ఒక గిన్నె ఆకారంలో మట్టి మొత్తం విడిపోతోందని అర్థం. మనకి కనిపించేది ఆ గిన్నె అంచు మాత్రమే.

నెర్రెకి అటొకటి ఇటొకటి రెండు ఇనప మేకులు దిగ్గొట్టాను. టేపు పెట్టి కొలిస్తే 61 సెంటీమీటర్లు. మర్నాడు 61.4. ఆ మర్నాడు 62.1. వాన లేదు, ఎండ కాస్తోంది, అయినా కదులుతోంది. నాలుగో రోజు 62.9. ట్రాక్ మూసేయండి, ఎవర్నీ రానివ్వకండి, మేకుల మధ్య దూరం పది రోజులు ఒకేలా ఉన్నాక మాట్లాడదాం అన్నాను. ఐదో రోజు సాయంత్రం కాంట్రాక్టరు రెండు ట్రాక్టర్ల మొరం తెచ్చి దిగిన చోట పోసి, రోలరు తిప్పి, సాపు చేశాడు. చూడ్డానికి బాగానే ఉంది. అసోసియేషన్ వాళ్లు సంతోషించారు. తెల్లారేసరికి ఆ ముక్క మొత్తం మూరెడు కిందికి దిగి, కట్ట వాలు మీద పేర్చిన రివిట్‌మెంట్ రాళ్లు చెరువులోకి దొర్లాయి. ఒక మేకు దొరకనే లేదు.

పాపం కాంట్రాక్టరు మోసమేమీ చేయలేదు. దిగిన చోట మట్టి పోయడం ఎవరికైనా తోచే పనే. కానీ జారుతున్నదాని తల మీద బరువు పెట్టడమంటే దాన్ని చేత్తో తోయడమే. బరువు పెట్టాల్సింది పాదం దగ్గర. పైనుంచి తీసేయాలి, కింద పెట్టాలి, లోపలి నీళ్లు బయటికి పోయే తోవ చూపించాలి. మా చెరువుకి చివరికి చేసింది అదే. పైన మట్టి తవ్వేసి వాలు తగ్గించి, కింద రాళ్ల తిన్నె కట్టి, ఊట బయటికి రావడానికి గులకరాళ్ల కాలువలు వేశారు. ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ వాకర్లు నన్ను తిట్టుకున్నారు.

చెరువు కట్ట అంటే మనం కట్టుకున్నది, ఎన్ని మీటర్లో తెలుసు. సముద్రం పక్కన వందల అడుగుల కొండకి పాదం దగ్గర బరువు పెట్టాలంటే ఎంత రాయి కావాలి? పెట్టినా వచ్చే చలికాలం అలలు దాన్ని మిగలనిస్తాయా? ఊరు ఉన్న చోట ఆ ఖర్చు పెడతారు. లైమ్ రీజిస్ ఊరి తూర్పు వైపు 2013-15 మధ్య 390 మీటర్ల కొత్త గోడ కట్టి, కొండలోకి పొడవాటి ఉక్కు కడ్డీలు దించి, నీళ్లు పోయే ఏర్పాటు చేశారు. దానికి సుమారు రెండు కోట్ల పౌండ్లు అయింది. ఇళ్లు, రోడ్డు ఉన్నాయి కాబట్టి అది న్యాయమే.

కాలిబాటకి మాత్రం ఇంకో పద్ధతి. దారినే వెనక్కి జరుపుతారు. చెప్పడానికి ఒక్క మాటే, చేయడానికి నెలలు. వెనకున్నది ఒక రైతు పొలమో, ఒకరి పెరడో అయి ఉంటుంది. వాళ్లతో మాట్లాడాలి, కాగితాలు కావాలి, కంచెలు మార్చాలి, మెట్లు వేయాలి. 2009లో అక్కడ తీర ప్రాంతాల మీద ఒక చట్టం తెచ్చారు. దాని కింద ఇంగ్లండ్ తీరమంతటా వేసే నడక దారికి, అంచు కోసుకుపోతే దారి కూడా దానితోపాటు లోపలికి జరిగేలా ముందే రాసుకునే వీలుంది. నాకు ఆ చట్టంలో బాగా నచ్చింది ఇదే. సముద్రం ముందుకొస్తుందని ఒప్పుకుని మొదలుపెట్టారు. అయినా నేల కదలడం ఆగితే తప్ప కొత్త దారి ఎక్కడ వేయాలో తేలదు. తొందరపడి పది మీటర్లు వెనక్కి వేస్తే, వచ్చే ఏడు నెర్రె పన్నెండు మీటర్ల దగ్గర రావచ్చు.

అక్కడి శీతాకాలంలో మట్టి ఆరదు. ఇది మన హైదరాబాద్ వాళ్లకి ఊహకి అందని సంగతి. ఇక్కడ వారం ఎండ కాస్తే చెరువు గట్టు పెళుసెక్కిపోతుంది. అక్కడ నవంబరు నుంచి మార్చి దాకా సూర్యుడు అలా మొహం చూపించి వెళ్లిపోతాడు. చెట్లకి ఆకులుండవు, వేర్లు నీళ్లు లాగవు, చలికి ఆవిరి కాదు. వచ్చిన నీళ్లన్నీ లోపలే ఉంటాయి. ఏప్రిల్‌లో చెట్లు చిగురించాకే నేల మెల్లగా ఆరడం మొదలవుతుంది. కాబట్టి జనవరి చరియని మే నెలలో ఇంకా గమనిస్తూ ఉన్నారంటే బద్ధకం అనుకోకండి. పోనీ వేసవిలో హాయా అంటే అదీ కాదు. బంకమట్టి ఎండితే మన నల్లరేగడి లాగే నెర్రెలిస్తుంది. తర్వాత వచ్చే మొదటి పెద్ద వాన ఆ నెర్రెల్లోంచి తిన్నగా లోపలికి దిగిపోతుంది.

ఇంకో మాట. ఆ తీరాన్ని 2001లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు, జురాసిక్ కోస్ట్ పేరుతో. ఎందుకు? ఆ కొండలు కూలుతూ ఉండడం కూడా ఒక కారణం. కూలిన ప్రతిసారీ లోపలున్న కోట్ల ఏళ్ల నాటి జీవుల శిలాజాలు బయటపడతాయి. లైమ్ రీజిస్‌లో 1799లో పుట్టిన మేరీ యానింగ్ అనే పేదింటి అమ్మాయి చలికాలం చరియలు పడ్డ వెంటనే, అలలు కొట్టుకుపోకముందే వెళ్లి వెతికేది. ప్లీసియోసార్ అనే సముద్ర జంతువు పూర్తి అస్థిపంజరాన్ని 1823లో బయటికి తీసింది ఆవిడే. ఎప్పుడూ వెంట తిరిగే ఆవిడ కుక్క ట్రే 1833లో చరియ కింద పడి చనిపోయింది. ఆవిడ అడుగు దూరంలో బయటపడింది. ఆ నేల గుణం ఆవిడ కంటే బాగా తెలిసినవాళ్లు ఆ రోజుల్లో లేరు. అయినా ఆ రోజు తెలియలేదు.

తీరమంతా కాంక్రీటు గోడ కట్టి కోత ఆపేస్తే ఆ కొండలు మట్టి దిబ్బల్లా గడ్డి మొలిచి పడుకుంటాయి, శిలాజాలు లోపలే ఉంటాయి. అందుకని ఊళ్లు లేని చోట కోతని కావాలనే వదిలేస్తారు. మన దగ్గర ఈ మాట అంటే కొడతారేమో.

ఇక కంచె దాటి వెళ్తున్నవాళ్ల సంగతి. వాళ్లు వెళ్లి తిరిగొస్తున్నారు కాబట్టి పర్వాలేదు అనేది మీ లెక్క. మా కట్ట మీద కూడా ఐదు రోజులు జనం ఆ నెర్రె దాటి నడిచారు, వాళ్లందరూ ఇంటికి చేరారు.

నేను కూడా ఒకసారి దాటాను, సిగ్గు విడిచి చెప్తున్నాను. మా అబ్బాయి వద్దంటూనే ఉన్నాడు. "నాకు మట్టి గురించి చెప్తావా" అని బోర్డు పక్కనుంచి ఓ ఇరవై అడుగులు వేశాను. మోకాలెత్తు గడ్డి, పచ్చగా, ఒత్తుగా. నెర్రె ఏదైనా ఉంటే కనిపించదా అనుకున్నాను. కనిపించలేదు. కుడికాలు పిక్క దాకా దిగబడింది. కింద నేల తగల్లేదు, చల్లటి గాలి తగిలింది. గడ్డి వేర్లు రెండు వైపులా అల్లుకుని నెర్రె మీద చాప పరిచినట్టు ఉంది. కాలు లాక్కుని, నాలుగు కాళ్ల మీద పాక్కుంటూ వెనక్కి వచ్చాను. మా వాడు ఏమీ అనలేదు. ఆ రోజంతా ఏమీ అనలేదు.

పైనుంచి చూస్తే మీకు రెండు విషయాలు తెలియవు: గడ్డి కింద నెర్రె ఉందా, మీరు నిలబడ్డ అంచు కింద నేల ఉందా. అలలు కింద తినేసి ఉంటే పైది సజ్జాలా గాల్లోకి పొడుచుకుని ఉంటుంది. అది పక్కనుంచి చూసినవాళ్లకే కనిపిస్తుంది.

పోనీ కింద సముద్రపు ఒడ్డునే నడిచి ఆ ముక్క దాటేద్దాం అనిపిస్తుంది. చాలామందికి తట్టే ఆలోచనే. 2012 జులై 24న డెవాన్ పక్కనున్న డార్సెట్‌లోని బర్టన్ బ్రాడ్‌స్టాక్ ఒడ్డున కొండ కింద నడుస్తున్న 22 ఏళ్ల అమ్మాయి మీద సుమారు 400 టన్నుల రాయి పడింది. ప్రాణం పోయింది. ఆ రోజు తుపాను కాదు, నడి వేసవి. కానీ ఆ ఏడు ఏప్రిల్ నుంచి జూన్ దాకా బ్రిటన్‌లో రికార్డు వానలు. మళ్లీ అదే, నాని కూలిన గోడ. దీనికి తోడు పోటు, పాటు లెక్క. రోజుకి రెండుసార్లు సముద్రం పైకొస్తుంది. పాటు సమయంలో విశాలంగా కనిపించిన ఇసుక, పోటు వచ్చేసరికి కొండ పాదం దాకా నీళ్లే. మధ్యలో ఉంటే ముందుకీ వెనక్కీ పోలేరు. జారి పడిన బురద మీద ఎక్కుదామా అంటే పైన ఎండి పెంకు కట్టి గట్టిగా కనిపిస్తుంది, లోపల ఊబి. లైమ్ రీజిస్ పక్కనున్న చార్మత్ వైపు నడుము దాకా కూరుకుపోయినవాళ్లని బయటికి లాగుతూనే ఉంటారు. అలాంటి స్థితిలో ఎవరైనా కనిపిస్తే మీరు దిగొద్దు. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. పోలీసు కాదు, అంబులెన్స్ కాదు, కోస్ట్‌గార్డ్ అనే అనాలి.

మీ ప్రయాణం ఏమీ పాడవలేదు. చుట్టుదారి పట్టుకుని నడవచ్చు. ఓక్ గింజ బొమ్మ ఉన్న గుర్తులు ఆ దారివి. మూసిన చోట తాత్కాలిక దారికి బోర్డులు పెడతారు. ఒక్క జాగ్రత్త: ఆ చుట్టుదార్లు కొన్నిచోట్ల ఊరి రోడ్ల మీదుగా పోతాయి. డెవాన్ పల్లె రోడ్డు అంటే ఒక కారు పట్టే వెడల్పు, రెండు వైపులా మనిషి కంటే ఎత్తు కంచె చెట్లు, ఫుట్‌పాత్ ఉండదు. ఎదురొచ్చే బండికి కనిపించేలా కుడివైపు నడవండి, మలుపుల దగ్గర ఆగి చెవి పెట్టి వినండి. నన్నడిగితే కొండ అంచు కంటే ఆ రోడ్లంటేనే నాకు భయం. మూసిన ముక్క దగ్గర ఊరి బస్సెక్కి దాన్ని దాటేసి అవతల దిగడం ఇంకా తెలివైన పని. నడక పూర్తి చేశాననే లెక్క కోసం ఐదు కిలోమీటర్లు తారు రోడ్డు తొక్కడంలో అందమేమీ లేదు.

మీ ఆవిడకి మోకాళ్ల నొప్పులని రాశారు. అలాగైతే సీటన్ నుంచి లైమ్ రీజిస్ ముక్క తెరిచి ఉన్నా నేను వద్దనే చెప్తాను. మెట్లు, వేర్లు, బురద, మధ్యలో వెనక్కి తిరగడానికి ఉండదు. సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ మొత్తం ఎక్కుడు కలిపితే ఎవరెస్టుకి దాదాపు నాలుగింతలని లెక్క కట్టారు. అది మ్యాప్ చూస్తే తెలియదు, మోకాలికే తెలుస్తుంది. దానికి బదులు ఎక్సెటర్ కింద ఎక్స్ నది సముద్రంలో కలిసే చోట రెండు ఒడ్లా చదునైన దారి ఉంది. ఎక్స్‌మౌత్ వైపు ఒడ్డునే రైలు కూడా పోతుంది. టాప్‌షమ్‌లోనో లింప్‌స్టోన్‌లోనో అలిసిపోతే స్టేషన్లో కూర్చుని రైలెక్కి ఇంటికి వచ్చేయొచ్చు. మీకొక్కరికి ఎత్తులు కావాలంటే ఇంకో రోజు దక్షిణంగా స్టార్ట్ పాయింట్ వైపు వెళ్లండి. అక్కడ గట్టి రాయి, బంకమట్టి కొండ కాదు. గాలి మాత్రం టోపీ ఉంచనివ్వదు.

వెళ్లే ముందు రోజు రాత్రి ఆ దారి వెబ్‌సైటులో మూసివేతల పేజీ అమ్మాయితో చూపించుకోండి. వారం ముందు చూసింది చెల్లదు. మ్యాప్ యాప్‌లు కూడా పాత దారినే చూపిస్తూ ఉంటాయి. వాటిని నమ్మి వెళ్లి కంచె ముందు నిలబడ్డవాళ్లని నేనే చూశాను.

మనదగ్గర ఇలాంటివి లేవా అని మీ ప్రశ్న కింద ఇంకొకాయన అడిగారు. హైదరాబాద్ కింద సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు ఉంది కాబట్టి మన కొండలు జారవు. ఇక్కడ జారేవి మనం పోసిన మట్టి, మనం కట్టిన గోడలు. కోస్తాకి వెళ్తే కథ మారుతుంది. కాకినాడ పక్కన ఉప్పాడ బీచ్ రోడ్డు చూడండి, తుపాను వచ్చినప్పుడల్లా కోసుకుపోతుంది, మళ్లీ అక్కడే రాళ్లు పోసి వేస్తారు. ఒక్కో ఇంటికీ సముద్రం దగ్గరవుతుంటే అక్కడి జాలర్లని "దారి వెనక్కి జరుపుకోండి" అని చెప్పడం ఇంగ్లండ్ కాలిబాటకి చెప్పినంత తేలిక కాదు. దాని గురించి రాయాలంటే ఇంకో రోజు కావాలి.

టికెట్లు ఖాయం అయ్యాక తేదీలు, మీ ఆవిడ రోజుకి ఎన్ని కిలోమీటర్లు హాయిగా నడవగలరో రాయండి. ఎక్స్ నదికి ఏ ఒడ్డు మేలో, ఏ స్టేషన్లో దిగాలో చెప్తాను. నేను నడిచినప్పుడు టాప్‌షమ్ స్టేషన్ దగ్గర టీ బాగుండేది.